ఫారిన్ రొట్టె

12 సెప్టెంబరు 1982, పినాంగ్

దిగాం. నేల మీద నిలబడ్డా ఒళ్ళు ఇంకా ఓడలోనే ఉంది, ఊగుతోంది.

ప్రమీల రేవులోనే సంచి దించేసింది. ఉదయగిరిలో లారీలకు టార్పాలిన్లు కుట్టే మదార్ సాహెబ్ చేత ఈ రెండు సంచులూ కుట్టించాను. రెండేళ్ళ కిందట దుర్గం చూడటానికి వచ్చిన తెల్లవాళ్ళ జంట వీపుల మీద ఇట్లాంటివే చూశాను. బొమ్మ గీసి చూపిస్తే, ఇది మనిషికా గాడిదకా అని అడిగి మరీ కుట్టాడు సాహెబు. ఆ జంట ఎక్కడ పొద్దుపోతే అక్కడ పడుకునేది, ఏది దొరికితే అది తినేది. మొగుడితో సమానంగా ఆ పిల్ల కొండ ఎక్కుతుంటే, కెమెరా పట్టుకుని వెనక నడిచిన నాకు రొప్పు వచ్చింది. అప్పటినుంచీ ఒకటే కోరిక నాకు. ఆత్మకూరు బస్టాండు ఎదురుగా ఫొటో స్టూడియోలో, వచ్చినవాళ్ళను గడ్డం పైకెత్తమని చెబుతూ చెబుతూ ముసలివాడిని కాకముందే ప్రమీలను తీసుకుని అట్లా ఒక దేశం తిరిగి రావాలి.

"ఊరు గాని ఊళ్ళో అయినా నన్ను మనిషి మాదిరి నడవనీ బావా" అంది ప్రమీల. నా సంచి వీపుకి, ఆమె సంచి పొట్టకి తగిలించుకుని నడిచాను. రేవుకి వచ్చిన నబీ రసూల్ అన్న నన్ను చూసి పగలబడి నవ్వాడు. ఆయనది ఉదయగిరే. పదేళ్ళుగా ఇక్కడ రొట్టెల అంగడి పెట్టుకున్నాడు. ఇక్కడి మలయా ఆవిడనే చేసుకున్నాడు, పేరు జైనబ్. అంగడి పైన గది మాకిచ్చారు. ఆయనతో నాకు పరిచయం పోయినేడు నెల్లూరులో. ఎట్లా అన్నది రాయాల్సిన పని లేదు.

ఓడలో ప్రమీల తిన్నది తిన్నట్టు కక్కింది. అందరూ కక్కారు. కానీ తనది సముద్రం వల్ల కాదంటుంది. నెల తప్పిందట, పెళ్ళైన ఎనిమిదేళ్ళకు. "రొట్టె పని చేసింది బావా" అంది ఓడ కమ్మీ పట్టుకుని. ఆ ముఖాన్ని ఫొటో తీయాల్సింది. కెమెరా మెడలోనే ఉంది. తీయలేదు.

13 సెప్టెంబరు

నిన్న సాయంత్రం టీ గ్లాసు పొరపాటున పడలేదు. నేనే పడేశాను.

అందరం కింద చాప మీద కూర్చుని తింటున్నాం. జైనబ్ వడ్డిస్తోంది. నబీ అన్న ఊరి సంగతులు ఒక్కొక్కటే అడుగుతున్నాడు. కొండ కింద మసీదుకి సున్నం కొట్టారా, వింజమూరు బస్సు ఇంకా అదే డొక్కు బస్సేనా అని. ప్రమీలకు ఉత్సాహం వచ్చేసింది. పోయినేడు రొట్టెల పండగకి మేమూ నెల్లూరు వెళ్ళామని చెప్పింది. "తెల్దా అమ్మా, నీళ్ళల్లో నేనే గదా..." అంటున్నాడు ఆయన. నా మోచెయ్యి గ్లాసుకి తగిలింది. వేడి టీ ఆయన ఒళ్ళో పడింది. జైనబ్ గుడ్డ తెచ్చింది, నేను అయ్యయ్యో అన్నాను, ప్రమీల నన్ను కసురుకుంది. ఆ గొడవలో మాట మునిగిపోయింది. ఆయన తొడ ఎర్రగా పొంగింది. ఏం కాలేదులే నర్సయ్యా అన్నాడు.

ఇంక రాయక తప్పదు.

పోయిన నవంబరులో పండగకి ఇద్దరం వెళ్ళాం. బస్సు దిగేటప్పుడు ప్రమీల కాలు బెణికి చెరువు గట్టు మీదే కూర్చుంది. నన్ను నీళ్ళలోకి పంపింది. సంతాన రొట్టె పుచ్చుకుని రమ్మంది. చెరువు నిండా పిలుపులే. కోరిక తీరినవాళ్ళు ఇంటి దగ్గర కాల్చి తెచ్చిన రొట్టె చేత పట్టుకుని చదువు రొట్టె, పెళ్ళి రొట్టె అని కేకలు వేస్తున్నారు. అదే కోరిక ఉన్నవాళ్ళు పోయి పుచ్చుకుంటున్నారు. నాకు ఒక పక్క ఒక ముసలమ్మ సంతాన రొట్టె అని పిలుస్తోంది. ఇంకో పక్క సఫారీ సూటు మోకాళ్ళ దాకా మడిచి, తెల్లగా నవ్వుతూ ఒకాయన ఫారిన్ రొట్టె అంటున్నాడు. కాళ్ళు అటు నడిచాయి. కాళ్ళు నడిచాయని రాయడం అబద్ధం. నేను నడిచాను.

ఆ సఫారీ సూటు ఆయనే నబీ రసూల్. పేరు, ఊరు అడిగాడు. ఆత్మకూరు అనగానే సొంత తమ్ముణ్ణి చూసినట్టు భుజం మీద చెయ్యి వేశాడు. పినాంగ్ వచ్చేయ్, నేను చూసుకుంటా అన్నాడు. రొట్టె తెచ్చి ప్రమీలకు ఇచ్చాను. సంతాన రొట్టేనా అని అడిగింది. ఊ అన్నాను. కళ్ళకద్దుకుని తుంచి, సగం నాకు పెట్టి, సగం తను తింది.

నాకు ఇట్లాంటి వాటి మీద నమ్మకం లేదు కాబట్టి ఏ రొట్టె అయితేనేం అనుకున్నాను. గోధుమపిండి గోధుమపిండే.

14 సెప్టెంబరు

ఈ ఊళ్ళో పొద్దున లేస్తే రొట్టె అన్న మాట చెవిన పడకుండా గడవదు. నబీ అన్న పిండిముద్దను గాల్లోకి విసిరి విసిరి చీర కొంగంత పలచగా చేసి పెనం మీద మడిచి వేస్తాడు. చీనావాళ్ళు, మలయావాళ్ళు, అరవవాళ్ళు, అందరూ రోటీ రోటీ అంటూ నిలబడతారు. ఆయన చేతులు ఫొటో తీశాను. మంచి వెలుతురు.

వీధులు తిరిగాం. రిక్షాలో మనం ముందు కూర్చుంటే తొక్కేవాడు వెనక ఉంటాడు. ప్రమీల భయపడి, తర్వాత నవ్వి, ఇంకొంచెం దూరం పోనీమంది. జైనబ్‌తో దోస్తీ కుదిరింది. ఒకరి భాష ఒకరికి రాదు. జైనబ్ ఆమె పొట్ట మీద చెయ్యి పెట్టి ఏదో అడిగితే ప్రమీల సిగ్గుపడి తల ఊపింది. వంటింట్లోంచి పుల్లటి కాయలు ఉప్పూ కారం అద్ది తెచ్చి పెట్టింది జైనబ్.

నేను మాత్రం నబీ అన్న నోరు తెరిచినప్పుడల్లా వేరే మాట ఎత్తుతున్నాను. ఆయన్ని ఒక్కడినే పక్కకు పిలిచి, అన్నా ఆ సంగతి ఎత్తబాకు అని చెబితే సరిపోయేది. ఆ ముక్క చెప్పాలంటే ఎందుకో కూడా చెప్పాలి. అంత మంచి మనిషి ముందు చెప్పలేకపోయాను.

సాయంత్రం ప్రమీలతో, లాడ్జికి మారదాం అన్నాను. ఎందుకు అంది. ఇంతగా చూసుకునేవాళ్ళను వదిలి లాడ్జి ఏంది, వాళ్ళు నొచ్చుకోరా అంది. ఏదో ఒకటి చెప్పాలి.

"నబీ అన్న చూపు బాగలేదు ప్రమీలా" అన్నాను.

"ఎవురి మీద?"

"నీ మీద."

ఆమె పైట భుజాల చుట్టూ కప్పుకుంది. నేనే సంచులు సర్దాను.

15 సెప్టెంబరు

లాడ్జికి మారాం. చీనావాళ్ళది. గది బాగుంది. కిటికీ ఉంది.

16 సెప్టెంబరు

కొండ మీదికి ఇనుప తాడు లాగే రైల్లో వెళ్ళాం. పైన చల్లగా ఉంది, కింద ఊరంతా, దాని వెనక సముద్రం. ఈ క్షణం కోసమే కదా ఇంత దూరం వచ్చింది అనుకున్నాను. పక్కన తెల్లవాళ్ళ జంట ఒకటి, మాకు మల్లేనే సంచులతో, మదార్ సాహెబ్ కుట్టు చూసి మెచ్చుకున్నారు. మమ్మల్నిద్దరినీ నిలబెట్టి నా కెమెరాతోనే ఫొటో తీశారు. నవ్వమన్నారు. ప్రమీల నవ్వలేదు.

ఇంత ఉక్కలో పైట మెడ దాకా చుట్టుకుని తిరుగుతోంది. రిక్షా ఎక్కనంది. చిల్లర ఇవ్వబోయిన అంగడివాడి చేతిలోంచి తీసుకోకుండా, బల్ల మీద పెట్టమని సైగ చేసింది. ఒక్క మనిషి మీద చెప్పిన మాట ఊళ్ళో ఉన్న మగవాళ్ళందరికీ అంటుకుంది. ఆమె మొదటి రెండు రోజులు చూసిన పినాంగ్ నేనే లాగేసుకున్నాను. నాలుగు రోజుల్లో సర్దుకుంటుందిలే.

"అట్టాంటి మనిషని మొగం చూస్తే తెలీదే" అంది తిరిగొచ్చేటప్పుడు. తనలో తను అన్నట్టు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

పొద్దున నబీ అన్న లాడ్జి దగ్గరికి వచ్చి వెళ్ళాడట, టిఫిను గిన్నెతో. మేనేజరు చెప్పాడు. మేము లేము. గిన్నెలో ఉన్నది నేనొక్కడినే తిన్నాను. ప్రమీల ముట్టలేదు.

18 సెప్టెంబరు

ప్రమీల బయట చేరింది. నెల తప్పలేదు. ఆలస్యమైంది, అంతే.

19 సెప్టెంబరు

ఏడ్చి ఏడ్చి ఈ పొద్దున ఆపింది. ఆపాక చెప్పింది. పోయినేడు రొట్టె తిన్న రోజే నెల్లూరులో వాళ్ళ పిచ్చమ్మత్త ఇంట్లో చేపల పులుసు పెడితే మొహమాటానికి తిన్నదట. నీసు తినకుండా ఉండాల్సింది, అందుకే ఫలించలేదు అంటుంది. "అంత మంది చెయ్యి చాపి అడుక్కునే రొట్టె, నాకు దొరికినా నేనే పాడు చేసుకున్నా బావా. నీకు బిడ్డ లేకుండా చేసింది నేనే" అంది.

నేను "పోనీలే" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. ఏదో ఆమె తప్పు చేసినట్టు, నేను పెద్ద మనసు చేసుకుని ఓర్చుకున్నట్టు. ఇంతకన్నా సిగ్గుమాలిన మాట ఈ జన్మలో ఇంకొకటి అనగలనా అని కూర్చుని ఆలోచిస్తే, ఐదు రోజుల కిందటే ఒకటి అని ఉన్నాను.

ఇంకో సంగతి. నాకు నమ్మకం లేదని మొన్న రాశాను. అది అబద్ధం. రొట్టె తిన్న తర్వాత ఎన్ని పనులు నూనె రాసినట్టు జారిపోయాయో నాకు తెలుసు. పాస్‌పోర్టుకి ఏళ్ళు పడుతుందన్నారు, వేసవికే వచ్చింది. ఓడలో చోటు లేదన్నారు, ఎవరో మానుకుంటే దొరికింది. అవన్నీ జరుగుతుంటే నేను లోపల్లోపల పొంగిపోయాను. పని చేస్తోంది, పని చేస్తోంది అనుకున్నాను. నావరకు నమ్మి, ఆమె వరకు వచ్చేసరికి గోధుమపిండి అన్నాను. అది నిజమైతే ఇదీ నిజమే. ఆ ముసలమ్మ నాకు ఎడమ పక్కనే నిలబడి ఉండింది, చెయ్యి చాపితే అందేంత దూరంలో.

చెప్పేస్తాను. ఆమె కాస్త కోలుకున్నాక చెప్పేస్తాను.

20 సెప్టెంబరు

చెప్పాల్సిన పని లేకుండా పోయింది.

ఫిల్ము రీలు కోసం బజారుకి వెళ్ళాను. నిజానికి గదిలో ఉండలేక వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి మా గది తలుపు బార్లా తెరిచి ఉంది. నబీ అన్న వసారాలో మెట్టు మీద కూర్చుని ఉన్నాడు, పక్కన మూత తీయని గిన్నె. ప్రమీల గడపకి ఇవతల నిలబడి ఉంది. ఆమె భుజాల మీద పైట మామూలుగా ఉంది. అది చూడగానే నాకు అర్థమైపోయింది.

ఆమె మనసులో పెట్టుకుని ఊరుకునే మనిషి కాదని నాకు తెలియదా. ఆయన గిన్నె తెచ్చి తలుపు కొడితే, తీసి, వాకిట్లోనే నిలబెట్టి అడిగేసిందట. ఇంటికి పిలిచి అన్నం పెట్టి, తోడబుట్టినదాని లాంటి నా మీద నీ చూపేంది అన్నా అని. ఆయనకు ముందు అర్థం కాలేదట. అర్థమయ్యాక, నీళ్ళల్లో రొట్టె ఇచ్చి పుచ్చుకున్నవాళ్ళు తోబుట్టువుల లెక్క, ఆ లెక్కనే మిమ్మల్ని పిలిచినా అన్నాడట. ఏ రొట్టె అని ఆమె అడిగింది.

నన్నూ అదే అడిగింది, ఆయన ఎదురుగానే.

"మనం తినింది ఏ రొట్టె బావా?"

నేను నబీ అన్న వైపు చూశాను. ఆయన నేల చూపులు చూస్తున్నాడు. సంతాన రొట్టే కదా, నీకు తెలియదా అన్నాను. ఇచ్చిన మనిషిని ముందు పెట్టుకుని మళ్ళీ అబద్ధం చెప్పాను.

"చెప్పెయ్యి నర్సయ్యా" అన్నాడు ఆయన, తల ఎత్తకుండానే.

"ఫారిన్ రొట్టె" అన్నాను.

ప్రమీల అరవలేదు, ఏడవలేదు. బిడ్డ మాట ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే నేను ఆమె కాళ్ళు పట్టుకునేవాణ్ణి. ఆమె ఇంకోటి అంది.

"నేనడిగిన దానికి ఆయన ఏడ్చినాడు బావా. ఇంత వయసు మనిషి, ఆ మెట్టు మీద కూలబడి ఏడ్చినాడు. నా నోటితో అడిగించినావే ఆ మాట. నాకు అది ఎప్పటికి పోతాది?"

నబీ అన్న లేచి, గిన్నె గడప దగ్గరికి జరిపి, చల్లారకముందే తినమ్మా అని ఆమెతో చెప్పి వెళ్ళిపోయాడు. నాతో ఏమీ అనలేదు.

21 సెప్టెంబరు

ఖాళీ గిన్నె తిరిగివ్వడానికి అంగడికి వెళ్ళాను. గిన్నె ఒక సాకు. ఆమె పంపింది. ఏం చెప్పాలో దారి పొడుగునా నేర్చుకుంటూ వెళ్ళాను. జనం ఉన్నారు. ఆయన పిండి విసురుతూనే నన్ను చూశాడు, కుర్చీ చూపించాడు.

"మీరు కూర్చోండి" అన్నాడు.

పోయినేడు నీళ్ళలో కలిసిన నిమిషం నుంచి ఆయన నన్ను నువ్వు అనే పిలిచాడు. నర్సయ్యా, ఏందిరా సంగతి అనే మనిషి. టీ తెచ్చి, మీరు తాగండి అన్నాడు. నేను క్షమించు అన్నా అన్నాను, ఇంకా ఏదేదో అన్నాను. విన్నాడు. మీరు ఆడమనిషిని జాగ్రత్తగా తీసుకెళ్ళండి, ఓడలో గాలి తగలకుండా చూడండి అన్నాడు. జైనబ్ ఒక పొట్లం ఇచ్చింది, ప్రమీలకు అని సైగ చేసింది. ఆ టీ మొత్తం తాగాను. తాగకుండా లేస్తే ఇంకోలా ఉండేదేమో. చెప్పుతో కొట్టినా ఇంత సిగ్గుపడేవాణ్ణి కాదు.

25 సెప్టెంబరు

ఓడ ఎక్కాం. తన సంచి తనే వీపుకి తగిలించుకుంది.

12 అక్టోబరు, ఆత్మకూరు

ఫొటోలు కడిగాను. మొదటి రెండు రోజుల వాటిల్లో ప్రమీల పళ్ళు కనిపించేట్టు నవ్వుతోంది. తర్వాతి వాటిల్లో అంతా పైట, రెండు కళ్ళు. ఎవరైనా వరసగా చూస్తే ఏ రోజున ఏం జరిగిందో చెప్పేయగలరు. మొదటివి మాత్రమే పెద్దవి చేసి స్టూడియో అద్దాల్లో పెట్టాను. ఊరంతా వచ్చి చూస్తోంది. అనంతసాగరం నుంచి కూడా వచ్చారు. నీ అదృష్టమే అదృష్టం నర్సయ్యా, నువ్వు ఫారిన్ రొట్టె తిన్నావంట గదా అంటున్నారు. ఎవరు చెప్పారో తెలియదు. ప్రమీల కాదు. ఆమె నాతోనే మాట్లాడటం లేదు, ఊరితో ఏం మాట్లాడుతుంది.

అన్నం పెడుతుంది. వేడిగానే పెడుతుంది.

29 అక్టోబరు

నిన్న నెల్లూరు వెళ్ళొచ్చాం.

పోకుండా తప్పించుకుందామనుకున్నాను. స్టూడియోలో పని ఉందన్నాను. ప్రమీల అప్పటికే పిండి కలిపి ఉంచింది. పుచ్చుకున్నది ఇయ్యాల, ఇయ్యకపోతే తప్పు అంది. నెల రోజుల్లో నాతో అన్న పెద్ద మాట అదే. ఒకే రొట్టె కాల్చి, గుడ్డలో చుట్టి బస్సులో ఒళ్ళో పెట్టుకుంది. పక్కన నేను కూర్చున్నాను.

చెరువులో పోయినేటికన్నా జనం. రొట్టె నా చేతికిచ్చి తను గట్టు మీద నిలబడింది. నేను మోకాళ్ళ లోతుకి దిగాను. పిలవాలి. ఏ రొట్టో గట్టిగా పిలిస్తేనే కదా కావలసినవాళ్ళు వస్తారు. నోరు తెరిచాను. రాలేదు. నా చుట్టూ అందరూ పిలుస్తున్నారు, పిల్లలూ పిలుస్తున్నారు. నేను చేతిలో రొట్టె పట్టుకుని మూగవాడిలా నిలబడ్డాను. ఒకామె వచ్చి, ఇది ఏం రొట్టె నాయనా అని అడిగింది. చెప్పలేక తల తిప్పుకున్నాను. ఆమె మనవరాలి కాన్పు కోసం వచ్చిందట, వేరేవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది.

ప్రమీల చీర కుచ్చిళ్ళు దోపుకుని నీళ్ళలోకి దిగింది. నా పక్కన నిలబడి, చేతిలోంచి రొట్టె తీసుకుంది.

"ఫారిన్ రొట్టె" అని పిలిచింది. "ఫారిన్ రొట్టె, మా ఆయనకు ఫలించిన రొట్టె."

ఆమె గొంతు అంత దూరం పోతుందని నాకు తెలియదు. జనం తిరిగి చూశారు. జలదంకి నుంచి వచ్చిన వాడు ఒకడు తోసుకుంటూ వచ్చాడు, డ్రైవరట, మస్కట్ పోవాలట. రెండు చేతులూ చాపాడు. ప్రమీల వెంటనే ఇవ్వలేదు. పెళ్ళైందా అని అడిగింది. అయిందన్నాడు.

"ఇది ఏం రొట్టో నీ పెళ్ళానికి చెప్పి తినయ్యా" అంది. చెప్తానక్కా అని వాడు తల మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆమె ఇచ్చేసింది.

తర్వాత నా వైపు చూడకుండా, ఆడవాళ్ళు ఎక్కువగా ఉన్న వైపు, సంతాన రొట్టె అని పిలుస్తున్న వైపు నీళ్ళలో నడుచుకుంటూ వెళ్ళింది. నేను కూడా వస్తానని రెండడుగులు వేశాను. నువ్వు రాబాకు అని వెనక్కి చెయ్యి ఊపింది. ఆగిపోయాను. పిలిచే పని నాకు తప్పించినందుకు ఒళ్ళు తేలికైంది. ఆ తేలికే నన్ను చంపుతోంది.

ఎంతసేపు నిలబడ్డానో. ఆ డ్రైవరు రొట్టె గుడ్డలో కట్టుకుని మళ్ళీ నా దగ్గరికే వచ్చాడు. అన్నా, ఫారిన్ ఎట్టా ఉంటాది అని అడిగాడు.

బాగుంటుందని చెప్పాను.